పాస్టరుగారి ఇంటి గులకరాళ్ళు

దగ్గరికి జరగండమ్మా, ఇంకొంచెం జరగండి. ఆ స్తంభానికి ఆనుకున్న పెద్దాయన్ని కూడా ముందుకు రమ్మనండి. ఆయనకి చెవులు మందమేగానీ మనసు మనందరికంటే చురుకు. పిల్లలూ, కాళ్ళు మడుచుకుని కూర్చోండి. పెద్దల ముందు కాళ్ళు చాపితే ఈ కథలో మామ్మ లేచి వచ్చి మొట్టికాయ వేస్తుంది, నాకు సంబంధం లేదు. పొయ్యి మీద కోకో మరుగుతోంది. అది దిగేలోపు ఒక కాపరి సంగతి, ఒక స్నేహితుడి సంగతి, ఒక ముసలమ్మ అరచేతి సంగతి చెబుతాను. దేవుడు నా నోటికి కాపలా ఉండుగాక.

సావాయీ దీవిలో మా ఊళ్ళో సోమవారం పొద్దునంటే పాస్టరుగారింట్లో చాపలు ఎండేసే పొద్దు. ఆదివారం ఆరాధన అయ్యాక పరిచారకులందరూ అక్కడే భోంచేస్తారు కదా. రాళ్ళపొయ్యిలో కాలిన తారో దుంపలు, కొబ్బరిపాలు పోసి ఆకుల్లో చుట్టిన ముద్దలు, చేపలు. తిని చేతులు కడుక్కున్నాక సంఘం మంచిచెడ్డల మీద పాస్టరుగారు సలహా అడుగుతారు, వీళ్ళు చెబుతారు. గోడల్లేని ఆ ముందు సావడి నేలంతా తెల్లటి పగడపు గులకరాళ్ళు, వాటి మీద మొగలాకు చాపలు. ఎవరైనా కడుపులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి చెప్పారా, వాళ్ళు కూర్చున్న చోట రాళ్ళు చెమర్చేవి. ఉప్పునీళ్ళు. ఎంత దాచుకుంటే అంత నీళ్ళు.

దానికెవరూ గోల చేసేవారు కాదు. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు తడవకుండా ఉంటాడా? పాస్టరమ్మగారు వైఓలా సోమవారం పొద్దున తడిసిన చాపలు దండెం మీద వేసేది. వీధిలో పోయే ఆడవాళ్ళు ఆగి చూసేవారు.

"ఏమ్మా, ఆ మూల చాప బాగా నానినట్టుందే?"

"ఎండ బాగానే ఉందిగా వదినా, సాయంత్రానికి ఆరిపోతుంది."

అంతే మాట. ఎవరి చాప నానిందో వాళ్ళని మరుసటి ఆదివారం పాస్టరుగారు అదే ప్రశ్న మళ్ళీ అడిగేవారు. ఈసారి మనిషి కొంచెం ఆలోచించుకుని చెప్పేవాడు. మా సంఘం అలా నడిచింది.

ఇక పాస్టరు పెనియామినాగారి సంగతి. వయసులో ఉన్నవాడు. రాజధానిలో పాస్టరు చదువు చెప్పే వేదాంత కాలేజీలో చదివాడు. చక్కటి గొంతు. ఆయన ప్రార్థన మొదలుపెడితే గుడి బయట కుక్కలు కూడా సర్దుకుని కూర్చునేవి. ఒక ఆదివారం భోజనాలయ్యాక చుట్టూ చూసి, "ఇవాళ నేను చెప్పిన వాక్యం ఎలా ఉందంటారు?" అని అడిగాడు.

"అద్భుతం అయ్యగారూ!" అన్నారొకరు. "పరలోకం దిగొచ్చినట్టుంది!" అన్నారింకొకరు. చాపల కింద తడి పాకుతూనే ఉంది.

ఫువాతీనో మామ్మ మాత్రం విసనకర్ర ఊపుకుంటూ కూర్చుంది. ఆవిడ మా ఆదివారపు బడి పంతులమ్మ. ఊళ్ళో నడివయసు వాళ్ళందరికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే, చెవులు మెలిపెట్టిందీ ఆవిడే.

"మామ్మా, మీరేం చెప్పలేదు?"

"చెప్పమంటే చెబుతాను బాబూ. పొడుగ్గా ఉంది. పిల్లలు నిద్రపోయారు, నేనూ ఒక కునుకు తీశాను. లేచి చూస్తే మీరింకా కాలేజీ రోజుల దగ్గరే ఉన్నారు. యేసయ్య ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అని కాచుకుని కూర్చున్నాను. ఈలోపు ఆఖరి పాట వచ్చేసింది."

అందరూ పకపకా నవ్వారు. పాస్టరుగారూ నవ్వాడు. ఆవిడ చాప ఎండుచేపలా పొడిగా ఉంది. ఆయన నవ్వు మాత్రం పళ్ళ దగ్గరే ఆగిపోయింది. అది చూసినవాడు ఒక్కడే, సంఘం కార్యదర్శి ఎతెవాతి.

ఎతెవాతి, పెనియామినా కాలేజీలో ఒకే దుప్పటి కింద పడుకున్న స్నేహితులు. ఎతెవాతి చదువు మధ్యలో మానేసి ఊరొచ్చేశాడు, ఆ తర్వాత పెనియామినాని మా ఊరికి పిలిపించిందీ ఆయనే. పదిమందిలో "అయ్యగారూ" అనేవాడు, ఒంటరిగా ఉంటే "ఒరే" అనేవాడు. గుడిలో బృందగానానికి ఆయన మంద్రస్వరం దూలంలాంటిది, పాటంతా దాని మీదే నిలబడేది. ఆయన తమ్ముడు కూడా కాలేజీలో చదువుతున్నాడు, ఆ ఏడాదే ముగిస్తున్నాడు. ఇంకా ఏ ఊరూ పాస్టరుగా పిలవలేదు.

మరుసటి వారమే ఎతెవాతి వచ్చి పాస్టరుగారి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే పెనియామినా, రాజధానిలో ఏ పాస్టరు ఇంకా ఈ గులకరాళ్ళ మీద కూర్చుంటున్నాడ్రా? నీ మోకాళ్ళు చూడు, కోడి పొడిచినట్టున్నాయి. మా ఇంటికి తెచ్చిన సిమెంటు మిగిలింది. చల్లగా, నున్నగా నేల పోయిస్తాను. నా కానుక అనుకో."

వైఓలా వంటింట్లోంచి తొంగిచూసింది. "మరి ఎవరి మాట ఎలాంటిదో తెలిసేదెట్లాగండీ?"

"గ్రీకు చదివాను, హీబ్రూ చదివాను," అన్నాడు పాస్టరుగారు. "గులకరాళ్ళని అడిగి సంఘాన్ని నడపాలా?"

గులకరాళ్ళు ఎత్తి పోస్తుంటే ఫువాతీనో మామ్మ బడిపిల్లల్ని వెంటేసుకుని బుట్టలతో వచ్చింది. "పారేసేవైతే నాకివ్వండి బాబూ. మా ముసలాయన సమాధి మీద పరుచుకుంటాను. బతికున్నప్పుడు ఎన్ని చేపలు పట్టాడో ఒక్కనాడూ నిజం చెప్పలేదు. ఇప్పుడైనా తడుస్తాడేమో చూస్తాను." మా ఊళ్ళో సమాధి ఇంటి ముందే ఉంటుంది కదా, ఆవిడ వాకిలంతా తెల్లగా మెరిసిపోయింది. మిగిలిన రాళ్ళని కుర్రాళ్ళు పాస్టరుగారి పెరట్లో సీమపనస చెట్టు కింద పోసి చదును చేశారు.

ఆ తర్వాత ఎతెవాతి రోజూ సాయంత్రం వచ్చి ఆ నున్నటి నేల మీద కూర్చునేవాడు.

"మామ్మ నీ గురించి పిల్లల తల్లులతో ఏమంటోందో తెలుసా? వద్దులే, చెప్పను."

"చెప్పు."

"బాధపడతావురా."

"చెప్పమంటున్నానుగా!"

"'యేసయ్య లేని పాస్టరు' అంటోందట. ఊరంతా అదే నవ్వులాట. పిల్లల పండగ, తెల్ల ఆదివారం లోపల ఆవిణ్ణి బడి నుంచి తప్పించు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకి కూడా కొన్నాళ్ళు దూరం పెట్టు. ఊరు కాస్త గొణుగుతుంది, తర్వాత నీ మాటంటే భయం పుడుతుంది. మీ అమ్మ కడుపున పుట్టకపోయినా నేను నీ అన్ననిరా, నీ మేలు కోరే చెబుతున్నాను."

పాస్టరుగారి కళ్ళు అలవాటుగా నేలమీదకి వెళ్ళాయి. సిమెంటు పొడిగా ఉంది. సిమెంటు ఎప్పుడూ పొడిగానే ఉంటుంది.

ఎతెవాతి వెళ్ళాక వైఓలా గిన్నెలు సర్దుతూ అంది. "రాళ్ళు పోతే పోయాయి, అడగడానికి నోరుందిగా? ఈ మాట వింటే ఆయనకేమొస్తుంది, మీకేం పోతుంది? అదొక్కటి మిమ్మల్ని మీరే అడగండి. మామ్మ దగ్గరికెళ్ళి 'అన్నారా?' అని అడగండి, ఆవిడ దాచే మనిషి కాదు."

"నీకు తెలియదు," అన్నాడు. వైఓలా గిన్నెలు లోపలికి తీసుకెళ్ళింది.

ఆదివారం వచ్చింది. గుడిలో ప్రకటనలు చెప్పేటప్పుడు పాస్టరుగారు మామ్మ పేరు చదివాడు. సంఘంలో కలహం రేపుతున్నందుకు బడి నుంచి తప్పిస్తున్నామని, బల్లకి దూరంగా ఉండాలని. ఫువాతీనో మామ్మ పిల్లల వరసలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఒక చంటిది నిద్రపోతోంది. ఆవిడ ఆ చంటిదాన్ని పక్కామె ఒళ్ళోకి మెల్లగా మార్చింది, నిద్ర చెడకుండా. లేచి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మర్చిపోయిన విసనకర్ర తీసుకుంది. పాస్టరుగారి వైపు ఒక్కసారి చూసింది. కోపంతో కాదు. తను దిద్దించిన అక్షరాన్ని ఎవరో తుడిచేస్తే చూసినట్టు చూసింది. వెళ్ళిపోయింది. ఆ పూట బృందగానంలో ఎతెవాతి మంద్రస్వరం ఎప్పటికంటే గట్టిగా మోగింది.

తెల్ల ఆదివారం సంగతి మీకు తెలుసు. ఏడాదంతా పిల్లలు పెద్దలకి వడ్డిస్తారు, ఆ ఒక్కరోజు పెద్దలు పిల్లలకి వడ్డిస్తారు. తెల్లబట్టలు, తలలో పూలు, కంఠతా పట్టిన వచనాలు. ఆ ఏడు గుడిలో పిల్లలు కూర్చునే బల్లలు సగం ఖాళీ. వచ్చిన పిల్లలు కూడా రెండు మాటలు చెప్పి, మూడో మాటకి తలుపు వైపు చూశారు, అందించే మనిషి కోసం. జిల్లా పెద్దయ్యగారు అతిథిగా వచ్చి ముందు వరసలో కూర్చుని ఇదంతా చూశారు. మరునాడు మధ్యాహ్నం ఊరి పెద్దల సభ ఉందని, ఈ పాస్టరుని ఉంచాలా పంపాలా అన్నదే అందులో విషయమని అప్పటికే ఆయన చెవిన పడింది.

భోజనాలకి జనం ఇంట్లో పట్టలేదు. పెరట్లో సీమపనస నీడలో చాపలు పరిచారు. ఎతెవాతి పెద్దయ్యగారి పక్కనే చోటు చూసుకున్నాడు. పాస్టరుగారు చేపల పళ్ళెం పట్టుకుని వెనకనుంచి వస్తున్నాడు. అది ఎతెవాతి చూడలేదు.

"నేనెంత చెప్పానండీ పెద్దయ్యగారూ! 'ఆ మామ్మ నాకు తల్లిలాంటిది, ముట్టుకోవద్దు' అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వింటేగా! ఊరు విసిగిపోయింది. మా తమ్ముడు ఈ ఏడు చదువు ముగిస్తున్నాడు, పిలిస్తే వస్తాడనుకోండి, అయినా నాకా ఆశ లేదు. సంఘం బాధే నా బాధ."

చాప అంచుల నుంచి నీళ్ళు ఊరాయి. ఊరి, పారాయి. తారో దుంపల పళ్ళెం కిందికి వెళ్ళాయి, ఆకుముద్దలు మెల్లగా కదిలాయి. వడ్డించే ఆడవాళ్ళు గిన్నెలు ఎత్తుకున్నారు. పిల్లలు తెల్లబట్టలు తడవకుండా ఒక పక్కకి జరిగారు. పెద్దయ్యగారు లుంగీ మోకాళ్ళ దాకా ఎగదీసి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, పక్కనున్న అమ్మాయితో అన్నారు. "తల్లీ, నా కోకో కప్పు తేలిపోతోంది, కాస్త అందుకో."

ఎతెవాతి నడుం దాకా తడిసి కూర్చుని ఉన్నాడు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, పాపం. నోరు ఆగడానికి కొంత సేపు పట్టింది.

కాసేపటికి ఎతెవాతి తన ట్రక్కు దగ్గర లుంగీ పిండుకుంటుంటే పాస్టరుగారు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎందుకురా?"

"ఏమెందుకు? నువ్వు సలహా అడిగావు, నేను చెప్పాను. ఆవిడ పేరు చదివింది నీ నోరు."

"నిన్ను నమ్మాను."

"నమ్మలేదు," అన్నాడు ఎతెవాతి, నీళ్ళు విదిలిస్తూ. "నా మాట నీకు నచ్చింది. నచ్చడాన్నే నమ్మడం అనుకున్నావు. ఒకే దుప్పటి కింద పడుకున్నవాణ్ణి, నీకేది నచ్చుతుందో నాకు తెలియదా?"

ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయాడు. పాస్టరుగారు ఆ తడి చారల మధ్య నిలబడిపోయాడు. దెబ్బలు చాలా రకాలుంటాయి గానీ, మన చలి తెలిసి దుప్పటి పంచుకున్నవాడు కొట్టిన దెబ్బ వేరు. దుప్పటి గుర్తొచ్చినప్పుడల్లా కొత్తగా తగులుతుంది.

వైఓలా ఇంట్లోకి వెళ్ళింది. పెట్టె తెరిచి తన పెళ్ళినాటి సన్నచాప తీసింది, వాళ్ళమ్మ నెలల తరబడి అల్లింది, పట్టులా జారుతుంది. ఆయన చేతిలో పెట్టింది. ఆ చాప ఎందుకో మనలో చెప్పాల్సిన వాళ్ళెవరు? తప్పు చేసినవాడు తెల్లారకముందే ఎదుటివాళ్ళ వాకిట్లో మోకాళ్ళూని దాన్ని కప్పుకుంటాడు. వాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే, లేదు.

ఈ సంగతి తెలిసి ఒక పరిచారకుడు పరుగున వచ్చాడు. "అయ్యగారూ, కాపరి మోకాళ్ళూనడమేంటండీ! ఊరి పరువేం కావాలి? చాప మా చేత పంపండి, మేమిచ్చొస్తాం."

పాస్టరుగారు ఆయన మొహంలోకి చూసి అడిగాడు. "నేను వెళ్ళకపోతే మీకేమొస్తుంది అన్నా?"

ఆయన, "సిగ్గు తప్పుతుందండీ," అన్నాడు.

"నిజం చెప్పారు, సంతోషం," అని పాస్టరుగారు చాప భుజాన వేసుకున్నాడు.

తొలి కోడి కూసే వేళకి ఫువాతీనో మామ్మ వాకిట్లో, సమాధి చుట్టూ పరిచిన గులకరాళ్ళ మీద, చాప కప్పుకుని మోకాళ్ళ మీద ఉన్నాడు. వెనక రోడ్డు మీద ఒక్కరొక్కరే పోగయ్యారు. మామ్మ చీపురుతో బయటికొచ్చింది.

"అమ్మా," అన్నాడు చాప కిందనుంచి, "ఒక చెడ్డ సలహాదారు నన్ను తప్పుదోవ పట్టించాడు. ఆయన మాట విని మీకు అన్యాయం చేశాను. క్షమించండి."

మామ్మ వంగింది. చాప ఎత్తలేదు. అంచు కిందనుంచి అరచెయ్యి లోపలికి పోనిచ్చి, ఆయన మోకాళ్ళ దగ్గర రాళ్ళు తడిమింది. చెయ్యి బయటికి తీసి గౌనుకి తుడుచుకుంది. వెళ్ళి వాకిలి ఊడ్చుకోవడం మొదలుపెట్టింది.

రోడ్డు మీదవాళ్ళు నిట్టూర్చారు. చాప కింద మోకాళ్ళకి చల్లగా తగులుతోంది, ఆయనకీ అర్థమైంది. ఎండ పైకొచ్చింది. చీపురు చప్పుడు ఇంటి చుట్టూ తిరిగి మళ్ళీ దగ్గరికొచ్చింది. అప్పుడు ఆ మంచి గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది.

"అతను నాకేం కొత్త చెప్పలేదమ్మా. మీరు పదిమందిలో నా వాక్యం గురించి అన్నారే, ఆ రోజునుంచే మీరు కనపడకుండా పోతే బాగుండుననుకున్నాను. ఆ మాట నా నోటితో నేను చెప్పలేక అతని నోట విన్నాను. మిమ్మల్ని అడగడానికి రాలేదు. అడిగితే అనలేదంటారని భయం. మీరలా అంటే మిమ్మల్ని పంపడానికి కారణం ఉండదు. ఇవాళ కూడా సభలో నా ఉద్యోగం నిలబడాలనే వచ్చాను. ఇప్పుడు అది పోయినా సరే. మీరు పిల్లల దగ్గరికి వెళ్ళండి."

చీపురు ఆగింది. మామ్మ మళ్ళీ వంగి చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఈసారి బయటికి తీస్తే అరచేతి నిండా తెల్లటి పొడి దుమ్ము. దాన్ని చాలాసేపు చూసుకుంది. రెండు చేతులా చాప ఎత్తింది.

"లే బాబూ. నాకు నొప్పి పోలేదు. పోయిందని చెబితే మా ముసలాయన రాళ్ళ మంచం తడుస్తుంది. అయినా లే. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, కోకో తాగుదువుగాని."

మధ్యాహ్నం సభకి మామ్మ కూడా వెళ్ళింది, చంకలో బుట్ట. సభ మధ్యలో గులకరాళ్ళు కుమ్మరించి అంది, "పాస్టరుని పంపాలనేవాళ్ళు వచ్చి దీనిమీద కూర్చుని చెప్పండి నాయనా. ఉంచాలనేవాళ్ళూ అంతే." ఒకాయనకి నడుం నొప్పి వచ్చింది. ఇంకొకాయనకి పడవ కట్టేయలేదని గుర్తొచ్చింది. ఎతెవాతి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు, లేవలేదు. కాసేపటికి ఆవిడే కూర్చుంది. "ఇతను నాకు అన్యాయం చేశాడు. వాక్యం ఇప్పటికీ పొడుగే. కానీ తడిసీ లేచిపోలేదు, ఆరిందాకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. నాకు ఈ పాస్టరు కావాలి." లేచి చూపించింది. రాళ్ళు గలగలా పొడిగా ఉన్నాయి. సభ ముగిసింది. ఎతెవాతి తమ్ముణ్ణి తర్వాత వేరే దీవి వాళ్ళెవరో పిలిచారు, మంచి కుర్రాడే అంటారు.

ఆ వారమే పాస్టరుగారు గునపం పట్టి సిమెంటు నేల తనే పగలగొట్టి, పెరట్లోని గులకరాళ్ళు మళ్ళీ పరిచాడు. వైఓలాకి సోమవారాలు మళ్ళీ వచ్చాయి, ఆ దండెం మీద ఇప్పుడు పాస్టరుగారి చాప కూడా అప్పుడప్పుడూ ఆరుతుంది. మామ్మ బడికి వెళ్ళింది. ఎతెవాతి ఇప్పటికీ గుడికొస్తాడు, అదే వరసలో నిలబడతాడు. పాట మొదలై ఆ మంద్రస్వరం లేచినప్పుడల్లా పాస్టరుగారు ఒక చరణం దగ్గర తప్పిపోతాడు. పుస్తకంలో వేలు పెట్టి వెతుక్కుంటాడు. దేవుడి ఇంట్లో ఆ పాట అంతే అందంగా ఉంటుంది, అదే కష్టం.

కోకో దిగింది, కప్పులు అందుకోండి. ఇందులో మీరు అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆ ముసలమ్మ చేసిన ఒక్క పని గుర్తుంచుకోండి. తోసెయ్యలేదు, తొందరపడి ఎత్తెయ్యనూ లేదు. ముందు వంగి, అరచెయ్యి చాప కిందకి పోనిచ్చి చూసింది. రేపు మీకెవరైనా తియ్యగా సలహా చెప్పినా, మీకు మీరే చెప్పుకున్నా, ఆ పని చెయ్యండి. ఇంటికెళ్ళి పిల్లలకి చేసి చూపించండి, ఇదిగో, ఇలా.